గోల్స్ తక్కువ, కప్పులు ఎక్కువ: టోని క్రోస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి యూరప్ ఫుట్‌బాల్ చూసేవాళ్లకి, 2024లో రిటైరైన జర్మనీ మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్య భాగంలో ఆడేవాడు) టోని క్రోస్‌ని పరిచయం చేయక్కర్లేదు. కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "పరిగెత్తడు, డ్రిబుల్ చేయడు, గోల్స్ కూడా పెద్దగా కొట్టడు, మరి ఇతనికి ఇంత పేరెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. దానితోపాటు తరచూ వచ్చే మిగతా ప్రశ్నలకీ జవాబులు ఇక్కడ ఉన్నాయి.

పేరు క్రూస్ అనాలా, క్రోస్ అనాలా?

క్రోస్. ఇంగ్లిష్ అలవాటులో రెండు 'ఓ'లు కనబడగానే మనవాళ్లు 'క్రూస్' అని రాసేస్తారు. జర్మన్‌లో ఆ రెండూ కలిసి దీర్ఘం తీసిన 'ఓ' అవుతుంది. తెలుగు పత్రికల్లో క్రూస్ అనే ఎక్కువ కనబడుతుంది కాబట్టి గూగుల్‌లో వెతికేటప్పుడు రెండూ కొట్టి చూడండి.

తూర్పు జర్మనీలో పుట్టాడంటారు, నిజమేనా?

నిజమే. 1990 జనవరి 4న గ్రైఫ్స్‌వాల్డ్‌లో పుట్టాడు. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. బెర్లిన్ గోడ కూలి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. రెండు జర్మనీలు ఒక్కటైంది ఆ ఏడాది అక్టోబరు 3న. అంటే క్రోస్ జీవితంలో మొదటి తొమ్మిది నెలలు తూర్పు జర్మనీ పౌరుడే. 2014 ప్రపంచ కప్ గెలిచిన జర్మనీ జట్టులో ఆ దేశంలో పుట్టినవాడు ఇతనొక్కడే.

ఇంట్లో అందరూ ఆటగాళ్లే. తండ్రి రోలాండ్ కుస్తీ పట్టేవాడు, తర్వాత ఫుట్‌బాల్ కోచ్ అయ్యాడు. తల్లి బిర్గిట్ తూర్పు జర్మనీ బ్యాడ్మింటన్‌లో పేరున్న క్రీడాకారిణి. తమ్ముడు ఫెలిక్స్ వెర్డర్ బ్రెమెన్, యూనియన్ బెర్లిన్ క్లబ్బుల్లో ఆడాడు. టోనికి మొదటి గురువు తండ్రే. ఊళ్లోని క్లబ్బులో మొదలుపెట్టి, తర్వాత హన్సా రోస్టోక్ యువ జట్టులో చేరి, అక్కడి నుంచి 2006లో పదహారేళ్లకే బయెర్న్ మ్యూనిక్‌కి వెళ్లాడు.

చిన్నప్పటి నుంచే స్టారా?

అవును, అదే కొంత ఇబ్బంది కూడా పెట్టింది. 2007లో దక్షిణ కొరియాలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో జర్మనీ మూడో స్థానంలో నిలిచింది, టోర్నీ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ మాత్రం క్రోస్‌కి దక్కింది. ఆ నెలలోనే, సెప్టెంబరు 26న, ఎనర్జీ కాట్‌బుస్ మీద బయెర్న్ తరఫున బుండెస్‌లీగాలో (జర్మనీ అగ్ర లీగ్) తొలి మ్యాచ్ ఆడాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఇరవై నిమిషాలైనా గడవకముందే మిరోస్లావ్ క్లోజెకి రెండు గోల్స్ అందించాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్లు.

అలా మొదలుపెట్టినవాడి మీద జనం పెట్టుకునే ఆశలు ఎలా ఉంటాయో తెలిసిందే. క్లబ్బులో చూస్తే సీనియర్లు నిండిపోయి ఉన్నారు, ఆడే అవకాశం అరుదుగా వచ్చేది.

మరి లెవర్‌కూసెన్‌కి ఎందుకు వెళ్లాడు?

ఆడటానికి. 2009 జనవరిలో బయెర్న్ అతన్ని ఏడాదిన్నర పాటు బాయెర్ లెవర్‌కూసెన్‌కి లోన్‌పై పంపింది. లోన్ అంటే, క్లబ్బు మారకుండానే కొంతకాలం వేరే క్లబ్బుకి ఆడటం. 2009-10 సీజన్‌లో అక్కడి కోచ్ యుప్ హైంకెస్. జట్టు వరసగా 24 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది, క్రోస్ ఆ సీజన్‌లో లీగ్‌లో 9 గోల్స్ కొట్టాడు. కుర్రాడిగా వెళ్లి, మ్యాచ్‌ని తన చేతుల్లోకి తీసుకోగల ఆటగాడిగా తిరిగొచ్చాడు. 2010 మార్చిలో అర్జెంటీనా మీద జాతీయ జట్టులో తొలి మ్యాచ్, ఆ వేసవిలోనే దక్షిణాఫ్రికా ప్రపంచ కప్. నా దృష్టిలో అతని కెరీర్‌లో అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునే, అన్నిటికంటే అవసరమైన మలుపు ఈ ఏడాదిన్నరే.

అసలు అతని ప్రత్యేకత ఏమిటి? టీవీలో చూస్తే మామూలు పాస్‌లే కనబడతాయి.

అసలు ప్రశ్న ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

మొదటిది, బంతి తన కాలికి తగలకముందే దాన్ని ఎక్కడికి పంపాలో తేల్చేసుకుని ఉంటాడు. గమనించి చూడండి, బంతి వచ్చేలోపు రెండు మూడు సార్లు మెడ తిప్పి చుట్టూ చూస్తాడు. ఒంటిని పక్కకి వాల్చి నిలబడతాడు, అందుకే బంతి ఆపడం, తిరగడం, పంపడం మూడూ ఒకే కదలికలా కనబడతాయి. అవతలివాడు మీదికి ఉరికి వచ్చేసరికి అక్కడ బంతి ఉండదు. పరిగెత్తాల్సిన అవసరం రానివ్వడు కాబట్టే పరిగెత్తనట్టు కనిపిస్తాడు.

రెండోది, రెండు కాళ్లతోనూ ఆడగలడు. కుడికాలి ఆటగాడే అయినా, ఎడమకాలితో పంపిన పాస్‌కీ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. దీనివల్ల ప్రత్యర్థికి వచ్చే చిక్కేమిటంటే, అతన్ని ఏ వైపుకి నెట్టాలో తెలియదు.

మూడోది పాస్ బరువు. జట్టు సభ్యుడికి బంతి చేరడం ఒకటి, అతను ఆగకుండా తర్వాతి అడుగు వేయగలిగే వేగంతో, అనువైన కాలి మీదికి చేరడం ఇంకొకటి. క్రోస్ రెండోది చేస్తాడు. దానికి తోడు దూరపు పాస్ ఉండనే ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మనకో సామెత ఉంది కదా. తర్వాత చేరిన రియల్ మాడ్రిడ్ క్లబ్బులో వడ్డన క్రోస్‌ది. అటు చివర కుడి గీత పక్కన నిలబడ్డ డాని కార్వహాల్ కడబంతిలో కూర్చున్నట్టే. అయినా నలభై గజాల అవతలి నుంచి అతని కాలి ముందుకే బంతి వచ్చి వాలేది.

నాలుగోది అతను నిలబడే చోటు. మైదానం మధ్యలో కాకుండా ఎడమ పక్కకి, వెనక్కి జరిగి, సెంటర్ బ్యాక్‌కీ (మధ్యలోని డిఫెండర్) లెఫ్ట్ బ్యాక్‌కీ (ఎడమ పక్క డిఫెండర్) మధ్య ఖాళీలో ఉండేవాడు. దాంతో లెఫ్ట్ బ్యాక్ మార్సెలో నిశ్చింతగా పైకి వెళ్లిపోయేవాడు. క్రోస్‌ని ఆపాలంటే అవతలి మిడ్‌ఫీల్డర్ తన చోటు వదిలి అంతదూరం రావాలి. వస్తే వాడి వెనక ఖాళీ ఏర్పడుతుంది, రాకపోతే క్రోస్ తీరిగ్గా ఆడుకుంటాడు. ఇదేదీ హైలైట్స్‌లో కనబడదు.

2012 ఫైనల్‌లో పెనాల్టీ కొట్టనన్నాడట?

అన్నాడు, ఆ సంగతి తానే ఒప్పుకున్నాడు కూడా. ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్ (యూరప్ అగ్ర క్లబ్బుల టోర్నీ) ఫైనల్ బయెర్న్ సొంత మైదానంలోనే, చెల్సీ మీద. సెమీఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ మీద క్రోస్ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ కాసియాస్ ఆపేశాడు, ఆ అనుభవం ఇంకా పచ్చిగానే ఉంది. ఫైనల్ కూడా పెనాల్టీల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయెర్ వచ్చి ఒకటి కొట్టాల్సి వచ్చింది. చివరికి బయెర్న్ ఓడింది, జర్మన్ పత్రికలు క్రోస్‌ని వదల్లేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు "నాకిప్పుడు ధైర్యం లేదు" అని ఉన్నమాట చెప్పడం తప్పని నేననుకోను, కానీ ఆ మచ్చ చాలాకాలం ఉండిపోయింది.

మరుసటి ఏడాది బయెర్న్ మూడు కప్పులూ (లీగ్, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్) గెలిచింది. ఏప్రిల్‌లో యువెంటస్ మీద గాయపడి క్రోస్ మిగతా సీజన్ అంతా బయటే ఉన్నాడు. ఛాంపియన్స్ లీగ్ పతకం వచ్చింది గానీ ఫైనల్ ఆడలేదు.

బ్రెజిల్ మీద 7-1 మ్యాచ్‌లో అతని పాత్ర ఎంత?

చాలా. 2014 జులై 8, బెలో హొరిజోంటే. మనకి అప్పటికే తేదీ మారింది, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకి మొదలైంది. మొదటి గోల్ క్రోస్ కొట్టిన కార్నర్ నుంచే, ముల్లర్ పూర్తిచేశాడు. 23వ నిమిషంలో క్లోజె కొట్టాడు, ప్రపంచ కప్‌లో అతనికది 16వ గోల్, అప్పటికి రికార్డు. తర్వాత 24, 26 నిమిషాల్లో క్రోస్ రెండు గోల్స్, రెండిటికీ మధ్య 69 సెకన్లే. మొదటిది ఎడమకాలితో నేరుగా కొట్టిన షాట్. రెండోదే నాకు ఎక్కువ ఇష్టం: ఆట మళ్లీ మొదలవగానే బ్రెజిల్ ఆటగాడు ఫెర్నాండిన్యో దగ్గర బంతి లాక్కుని, సహచరుడు ఖెదిరాతో ఇచ్చిపుచ్చుకుని, నెమ్మదిగా లోపలికి తోసేశాడు. నీళ్లు తాగొద్దామని లేచినవాళ్లు తిరిగొచ్చి స్కోరు తప్పు పడిందనుకున్నారు. రీప్లే అనుకున్నది అసలు గోల్ అని తెలియడానికి సమయం పట్టింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు క్రోసే.

ఇక ఫైనల్‌లో మాత్రం కొంచెంలో గండం గడిచింది. అర్జెంటీనా మీద మొదటి సగంలో అతను తలతో వెనక్కి ఇచ్చిన బంతి నేరుగా హిగువాయిన్‌కి దొరికింది, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. హిగువాయిన్ బయటికి కొట్టాడు. 113వ నిమిషంలో గోట్జె గోల్‌తో కప్పు జర్మనీది. ఆ ఒక్క షాట్ లోపలికి వెళ్లుంటే ఈరోజు ఈ ప్రశ్నలన్నీ వేరేలా ఉండేవి.

ప్రపంచ కప్ గెలిచిన ఆటగాణ్ని బయెర్న్ ఎందుకు వదులుకుంది?

జీతం దగ్గర కుదరలేదు. ఒప్పందం 2015 దాకా ఉంది, పొడిగింపు చర్చలు ముందుకు సాగలేదు. జట్టులో పెద్ద ఆటగాళ్లకిచ్చే స్థాయి తనకి ఇవ్వడం లేదని క్రోస్ భావించాడు. కోచ్ గ్వార్డియోలాకి అతన్ని ఉంచుకోవాలనే ఉంది. ఒక దశలో మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లడం దాదాపు ఖాయమైందని క్రోస్ తర్వాత చెప్పాడు. అక్కడ కోచ్ మోయ్స్‌ని తీసేయడంతో ఆ కథ ఆగింది. ప్రపంచ కప్ అయిన వారంలోపే రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. పత్రికల్లో వచ్చిన ధర సుమారు రెండున్నర కోట్ల యూరోలు. అప్పుడే చవక అన్నారు, ఇప్పుడు చూస్తే ఉచితం కిందే లెక్క. తమాషా ఏమిటంటే అదే వేసవిలో మాడ్రిడ్ నుంచి షాబి అలోన్సో బయెర్న్‌కి వెళ్లాడు.

మాడ్రిడ్‌లో అతని కాలం ఎలా సాగింది?

మొదటి సీజన్ బాగా మొదలై నిరాశతో ముగిసిందని చెప్పాలి. ఆన్సెలొట్టి కింద జట్టు వరసగా 22 మ్యాచ్‌లు గెలిచింది, తీరా లీగూ ఛాంపియన్స్ లీగూ రెండూ పోయాయి. 2016 జనవరిలో జిదాన్ కోచ్‌గా వచ్చాక ఆట కుదిరింది. వెనక కాపలాకి కాసెమిరో, ఎడమ పక్క క్రోస్, కుడి పక్క మోడ్రిచ్. ఒకడు లాక్కుంటాడు, ఒకడు పంచుతాడు, ఒకడు ముందుకి మోసుకెళ్తాడు. ఎవరి పని వాళ్లకి తెలుసు, పక్కవాడి పనిలో వేలుపెట్టరు. ఈ ముగ్గురినీ బెర్ముడా ట్రయాంగిల్ అనేవాళ్లు, వాళ్ల మధ్యకి వెళ్లిన బంతి ప్రత్యర్థికి తిరిగి కనబడదని.

2016లో మిలాన్, 2017లో కార్డిఫ్, 2018లో కీవ్: వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్స్, మూడూ గెలుపే. తర్వాత 2022లో పారిస్, 2024లో లండన్. ఐదు ఫైనల్స్‌లోనూ అతను మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. 2022 సెమీఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మీద ఓటమి అంచు నుంచి గెలిచిన ఆ అద్భుతం మాత్రం క్రోస్ బెంచీ మీద కూర్చునే చూశాడు. అతని బదులు దిగిన రోడ్రిగోనే చివరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టాడు.

లా లిగా (స్పెయిన్ లీగ్) నాలుగు సార్లు, 2017, 2020, 2022, 2024లో. 2023లో కోపా డెల్ రే (స్పెయిన్ కప్). మొత్తం మాడ్రిడ్ తరఫున 465 మ్యాచ్‌లు.

గోల్స్ ఎన్ని?

ఆ 465 మ్యాచ్‌లలో 28. జర్మనీకి 114 మ్యాచ్‌లలో 17. తక్కువే. కానీ కొన్ని గుర్తుండిపోతాయి: 2020 జనవరిలో జెడ్డాలో జరిగిన స్పానిష్ సూపర్ కప్‌లో వాలెన్సియా కీపర్ ఇంకా సర్దుకుంటుండగానే కార్నర్‌ని నేరుగా గోల్‌లోకి తిప్పేశాడు.

2018లో స్వీడన్ మీద ఏం జరిగింది?

రష్యా ప్రపంచ కప్‌లో, సోచిలో ఆ రాత్రి తప్పూ అతనిదే, దిద్దుబాటూ అతనిదే. మొదటి సగంలో క్రోస్ తప్పుడు పాస్ ఇచ్చాడు, దాని నుంచే స్వీడన్ గోల్. రెండో సగం మొదట్లో రోయిస్ సమం చేశాడు. 82వ నిమిషంలో బోటెంగ్ రెడ్ కార్డుతో బయటికి, జర్మనీకి పదిమందే మిగిలారు. డ్రా అయితే దాదాపు ఇంటిదారి పట్టినట్టే. 95వ నిమిషంలో ఎడమ పక్క ఫ్రీ కిక్. అందరూ క్రాస్ వేస్తాడనుకున్నారు. రోయిస్‌కి చిన్నగా తోసి, అతను ఆపి పెట్టగానే అవతలి మూలకి తిప్పి కొట్టాడు. ఆ మొదటి గోల్ తన పొరపాటేనని మ్యాచ్ తర్వాత దాచుకోకుండా చెప్పాడు. నాలుగు రోజులకి దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి జర్మనీ ఎలాగూ ఇంటికెళ్లింది. ఆ ఏడాది జర్మనీ ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు మాత్రం క్రోస్‌కే వచ్చింది.

"అడ్డం పాస్‌ల టోని" అని వెక్కిరించింది ఎవరు?

జర్మన్ పత్రికలు, అభిమానులు చాలా ఏళ్లుగా అనేవాళ్లే. బంతిని ముందుకి కాకుండా పక్కకి పంపుతాడని ఎత్తిపొడుపు. 2021లో జరిగిన యూరో (యూరప్ దేశాల జట్ల) టోర్నీలో ఇంగ్లండ్ చేతిలో ఓడాక బయెర్న్ పెద్దాయన ఉలి హోనెస్, ఈ రకం ఆటకి కాలం చెల్లిందని బాహాటంగా అన్నాడు. ఆ కాలం చెల్లిన ఆటతోనే క్రోస్ ఆ తర్వాత ఇంకో రెండు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. హోనెస్ ఫుట్‌బాల్ తెలియనివాడు కాదు, ఈ ఒక్క విషయంలో మాత్రం లెక్క తప్పాడు.

జాతీయ జట్టుకి రిటైరై మళ్లీ ఎందుకు వచ్చాడు?

2021 జులైలో 106 మ్యాచ్‌ల దగ్గర ఆపేశాడు. ఆ తర్వాత జర్మనీ దిగజారింది: 2022 ప్రపంచ కప్‌లో మళ్లీ గ్రూప్ దశలోనే ఇంటికి, 2023లో జపాన్ చేతిలో 1-4, టర్కీ, ఆస్ట్రియాల చేతుల్లోనూ ఓటమి. ముందున్నది సొంత గడ్డ మీద యూరో. కొత్త కోచ్ నాగెల్స్‌మన్ అడిగాడు, 2024 ఫిబ్రవరిలో క్రోస్ సరేనన్నాడు. మార్చిలో ఫ్రాన్స్ మీద తిరిగొచ్చిన మ్యాచ్‌లో ఆట మొదలైన ఏడో సెకనుకే గోల్. సెంటర్ నుంచి క్రోస్ ముందుకి పంపిన పాస్, విర్ట్స్ షాట్. అడ్డం పాస్‌ల టోని అట!

యూరో మొదటి మ్యాచ్‌లో స్కాట్లండ్ మీద 5-1. క్రోస్ ఇచ్చిన 102 పాస్‌లలో 101 చేరాయి. ఆ చేరని ఒక్కదాని గురించి జర్మన్లు సరదాగా చర్చించుకున్నారు.

చివరి మ్యాచ్ ఏది? పెడ్రీని గాయపరిచాడన్న గొడవ ఏమిటి?

2024 జులై 5, స్టుట్‌గార్ట్, స్పెయిన్‌తో క్వార్టర్‌ఫైనల్. మొదటి నిమిషాల్లోనే స్పెయిన్ ఆటగాడు పెడ్రీని గట్టిగా ఢీకొన్నాడు, పెడ్రీ టోర్నీకే దూరమయ్యాడు. కార్డు పడాల్సిన ఫౌల్, పడలేదు. క్రోస్ తర్వాత క్షమాపణ చెప్పాడు. 89వ నిమిషంలో విర్ట్స్ సమం చేశాడు, అదనపు సమయంలో స్పెయిన్ డిఫెండర్ కుకురెల్లా చేతికి బంతి తగిలినా పెనాల్టీ ఇవ్వలేదని జర్మన్లు ఇప్పటికీ గొణుక్కుంటారు. 119వ నిమిషంలో స్పెయిన్ ఆటగాడు మెరీనో తలతో గోల్ కొట్టాడు. క్రోస్ కెరీర్ అక్కడితో అయిపోయింది.

ఇంకా ఆడగలిగే స్థితిలో ఎందుకు మానేశాడు?

తన మంచి రోజుల్లోనే ఆపేస్తానని ముందు నుంచీ చెప్తూనే ఉన్నాడు, చెప్పినట్టే చేశాడు. 2024 మే 21న ప్రకటించాడు. నాలుగు రోజులకి మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలో బెతిస్ మీద అక్కడ చివరి మ్యాచ్, ముగ్గురు పిల్లలూ గీత పక్కన ఏడుస్తుంటే ఎప్పుడూ చలించని మనిషి కూడా కళ్లు తుడుచుకున్నాడు. జూన్ 1న లండన్ వెంబ్లీలో డోర్ట్‌మండ్ మీద ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. 74వ నిమిషంలో అతని కార్నర్‌కి కార్వహాల్ తల తగిలించాడు. అదే, కడబంతిలోని కార్వహాల్.

ఎప్పుడూ అవే తెల్ల బూట్లు వేసుకునేవాడట?

అవును. అడిడాస్ వాళ్ల పాత మోడల్ ఒకటి అతనికి కుదిరింది. కంపెనీ ఆ మోడల్ ఆపేశాక కూడా అతని కోసం తయారుచేసి ఇచ్చేవాళ్లు. వాటిని తానే శుభ్రం చేసుకునేవాడు.

సౌదీ అరేబియాలో ప్రేక్షకులు ఎందుకు గోల చేశారు?

2023లో యువ స్పానిష్ ఆటగాడు గాబ్రి వేగా డబ్బు కోసం సౌదీ లీగ్‌కి వెళ్తుంటే, సిగ్గుచేటని క్రోస్ బహిరంగంగా అన్నాడు. 2024 జనవరిలో రియాద్‌లో స్పానిష్ సూపర్ కప్ ఆడటానికి వెళ్లినప్పుడు అతని కాలికి బంతి తగిలినప్పుడల్లా ఈలలే. అతను నవ్వుకున్నాడు. ఆ టోర్నీ కూడా మాడ్రిడే గెలిచింది. అయితే సౌదీ డబ్బుతో నడిచే టోర్నీలో తన క్లబ్బూ ఆడుతుంది కదా అన్న ఎదురు ప్రశ్న న్యాయమైనదే.

రెడ్ కార్డు ఎప్పుడైనా చూశాడా?

ఒక్కసారి. 2022 అక్టోబరులో గిరోనా మీద రెండు ఎల్లో కార్డులతో.

మొత్తం ఎన్ని పెద్ద కప్పులు?

ప్రపంచ కప్ ఒకటి, ఛాంపియన్స్ లీగ్ ఆరు (బయెర్న్‌తో ఒకటి, మాడ్రిడ్‌తో ఐదు), క్లబ్ ప్రపంచ కప్ ఆరు. యూరో మాత్రం దక్కలేదు.

ఇప్పుడేం చేస్తున్నాడు?

తమ్ముడు ఫెలిక్స్‌తో కలిసి పాడ్‌కాస్ట్ చేస్తాడు, అందులో టీవీ ఇంటర్వ్యూల్లో కనబడని హాస్యం ఉంటుంది. ఇండోర్‌లో చిన్న జట్లతో ఆడే ఐకాన్ లీగ్‌ని 2024లో మొదలుపెట్టాడు. తీవ్రమైన జబ్బులతో బాధపడే పిల్లల కోసం 2015లో పెట్టిన ఫౌండేషన్ కొనసాగుతోంది.

కొత్తగా చూసేవాళ్లు ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి?

7-1తో కాదు, అది ఎవరు చూసినా బాగుంటుంది. 2024 ఏప్రిల్ 30న మ్యూనిక్‌లో బయెర్న్, మాడ్రిడ్ 2-2తో ముగించిన సెమీఫైనల్ మొదటి అంచె చూడండి, హైలైట్స్ కాదు, మొత్తం. తనని ఒకప్పుడు వదులుకున్న మైదానంలో క్రోస్ ఆడుతున్నాడు. 24వ నిమిషం దగ్గర పడ్డాక బంతి మీద నుంచి చూపు తీసి అతని చెయ్యి చూడండి. మాడ్రిడ్ ఫార్వర్డ్ వినీసియస్ ఎటు పరిగెత్తాలో ముందే చేత్తో చూపిస్తాడు. డిఫెండర్ ముందుకి రాగానే ఆ చూపించిన చోటికే బంతి వెళ్తుంది, వినీసియస్ అప్పటికే అక్కడుంటాడు.